నోట్లోకి వెళ్ళినవన్నీ

మాత్ర 1

అల రెండు.

ఈ పుస్తకం నా కూతురు నూకరత్నం ఇచ్చింది. ముప్పై ఆరు తెప్పలు మోకులతో కట్టుకుని నీళ్ళ మీద తేలే మా ఊళ్ళో, ఎవరి నోట్లోకి ఏ మందు వెళ్ళాలన్నా ముందు దాని సంతకం పడాలి. మందుల గదికి అదే అధికారి. మోకులు లాగే ఇళ్ళలో పుట్టి ఆ కుర్చీలో కూర్చున్న మొదటి మనిషి. ఈ సంగతి ఊరందరికీ తెలుసు, ఎందుకంటే నేనే చెప్పాను. పుస్తకంలో కూడా ఉండాలని రాస్తున్నాను.

నా పేరు సూరాడ దానయ్య. డెబ్భై మూడేళ్ళు. ఐదో తరగతి. నలభై ఏళ్ళు మోకు మనిషిగా చేశాను. అంటే, అల ఎంత ఎత్తుందో చూసి, తెప్పకీ తెప్పకీ మధ్య మోకు వదలాలో బిగించాలో కేకేసి చెప్పే పని. ఇప్పుడు ఆ పని యంత్రం చేస్తోంది. దానికి కేక వెయ్యడం రాదు.

నాకు రక్తంలో కేన్సరు అన్నారు. దానికి నీలిమాత్ర. రోజుకొకటి, తొంభై రోజులు. ఇది కాకపోతే వేసుకోవడానికి వేరే రకం ఊళ్ళో లేదు. మందుల ఓడ వానాకాలం దాటితే గానీ రాదు. అందాకా మందు లేకుండా నేను ఆగనని రేడియోలో డాక్టరు గారు మెత్తగా చెప్పారు, నేను గట్టిగానే విన్నాను.

ఎనిమిది రోజులకొకసారి వేలు పొడిచి రక్తంలో మందు ఎంతుందో చూస్తారట. రెండు పచ్చగీతల మధ్య ఉంటే మందు రోగాన్ని తింటున్నట్టు. పైన ఎర్రగీత దాటితే నన్ను తింటున్నట్టు. కింది పచ్చగీతకి దిగువన ఉంటే ఏమీ తినకుండా కూర్చున్నట్టు.

నూకరత్నం ఇంటికొచ్చి ఎదురుగా కూర్చుని చెప్పింది. "నానా, ఈ మాత్ర మంచిదే గానీ దీనికి పొగరెక్కువ. పక్కన ఇంకోటి వొచ్చిందంటే తగువు పడతాది. ఒకోటి దీని బలం తీసేస్తాది, ఒకోటి లేనిపోని బలం ఇచ్చేస్తాది. రెండూ నీకు ముప్పే. నువ్వు తిన్నది, తాగింది, మింగింది, అన్నీ ఇందులో రాయాలి."

"గాలి కూడానా?"

"గాలి ఒగ్గీ."

పుస్తకం తిరగేసి పై వరస చూసి మళ్ళీ అంది. "అల రెండు అని రాసినావేటి? అల నీ నోట్లోకి ఎల్లదు కదా."

నలభై ఏళ్ళు ఏ కాగితం మీదైనా ముందు అల రాసి తర్వాతే మిగతాది రాసిన చెయ్యి. అది రాయకపోతే కలం కదలదు. ఉండనీ అంది. పెద్ద మనసు.

నోట్లోకి: నీలిమాత్ర ఒకటి. గంజి. కవళ్ళ చేపల పులుసు, అన్నం. నీళ్ళు ఆరు గ్లాసులు.

మాత్ర 2

అల రెండు.

పడని వాటి కాగితం చదివి వినిపించింది. ఇరవై రెండు వరసలు. కడుపుమంటకి వేసుకునే సున్నపు పొడి, కీళ్ళ నొప్పి గోళీలు, ఆకు కషాయాలు, నిద్రమందు, నోరు తిరగని పేర్లు ఇంకా చాలా. మూడో వరస దగ్గర ఆపమన్నాను. పంపరపనస. మా ఊళ్ళో పళ్ళంటే పీపాల్లో కాసేవే, వాటిలో నాకు ప్రాణం పంపరపనసే. ఇంటికి నెలకు రెండు కాయలు వస్తాయి.

"ఒక్క తొన కూడా వద్దా?"

"ఒక్కటీ వద్దు నానా. నీ పేగు గోడల్లో కాపలావోళ్ళు ఉంటారు అనుకో. మాత్ర లోపలికొచ్చేటప్పుడు వోళ్ళు సగం విరిసేసి సగమే పంపుతారు. వోళ్ళ వాటా పోతాదని తెలిసే మాత్రని అంత పెద్దది సేసినారు. ఈ పండు రసం ఆ కాపలావోళ్ళని పడుకోబెట్టేస్తాది. అప్పుడు మాత్ర మొత్తం లోపలికి దూరిపోద్ది. పడిపోయిన కాపలావోళ్ళ సోటుకి కొత్తోళ్ళు పుట్టడానికి రెండు మూడు రోజులు."

ఇంత చిక్కు సంగతిని నాకు అర్థమయ్యేలా ఎవరు చెప్పగలరు? మా కాయలు రెండూ పక్క తెప్ప ఎర్రయ్యకి ఇచ్చేశాం. వాడు నా ఎదురుగానే వొలిచాడు. వాడి సంగతి తర్వాత రాస్తాను.

మాత్ర 4

అల మూడు.

మా ఆవిడ పైడమ్మ పొద్దున్నే గిన్నె పట్టుకొచ్చింది. నల్లటి కషాయం, వాసనకే కళ్ళు తెరుచుకున్నాయి.

"తాగు మావా. మీ యమ్మ ఆరుగురిని ఇదే పోసి పెంచింది."

"పుస్తకంలో రాయాలి."

"రాసుకో. నానేటి విసం పోత్తన్నానా?"

రాస్తానన్న మాటకే భయం వేసిందేమో, గిన్నె తీసుకుని మందుల గదికి వెళ్ళింది. అరగంటలో ఖాళీ గిన్నెతో వచ్చింది. నూకరత్నం అందులో వేసిన ఆకులు ఒక్కొక్కటీ అడిగిందట. ఐదింటిలో ఒక ఆకు మాత్ర బలాన్ని సగానికి దించేస్తుందట.

"నా కడుపున పుట్టి నా కసాయం పారబోసింది," అంది పైడమ్మ. కాసేపటికి తనే మళ్ళీ, "ఆకు పేరు సెప్పగానే ఏ పేజీలో ఉన్నాదో సూడకుండా సెప్పీసింది మావా," అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ ముఖం చూడాల్సింది.

మాత్ర 8

అల రెండు.

వేలు పొడిచారు. రెండు పచ్చగీతలకీ సరిగ్గా నడిమధ్య. నేను కనబడినవాళ్ళందరికీ చెప్పాను. ఎర్రయ్యకి రెండుసార్లు చెప్పాను.

"నీ రక్తానికి కూడా ఫస్టు క్లాసు వొచ్చిందేటి బావా," అన్నాడు వాడు. ఆ మాటకి మెచ్చి, మోకాలి నొప్పికని వాడిచ్చిన గోళీ మొహమాటానికి జేబులో వేసుకున్నాను. మింగలేదు. ఇంటికొచ్చి నూకరత్నం చేతిలో పెట్టాను. రక్తం పలచబడి కడుపులో కారుతుందట, ఈ మాత్రతో కలిస్తే. ఎర్రయ్య మంచివాడే, ఊరికే చంపేసేవాడు.

మాత్ర 13

అల ఆరు.

మధ్యాహ్నం గంట మోగింది. అల ఐదు దాటితే మోగుతుంది. కుండలు కట్టేశాం, దీపం దించేశాం, తొక్కడబ్బా మూత తీశాం. తెప్ప ఊయలలా ఊగుతుంటే నాకు నూకరత్నం చిన్నప్పటి సంగతి గుర్తొచ్చింది. మా ఊళ్ళో బిడ్డకి నడక రాగానే, మొదటి పెద్ద అల రోజున తండ్రి తొలి తొక్క దవడన పెడతాడు. ఉప్పులో ఎండిన నల్లటి ముక్క. అది దవడన ఉంటే కడుపులో తిప్పదు. నమలరు, మింగరు. అన్నానికి కూర్చునే ముందు తీసి సముద్రంలో వేస్తారు. నూకరత్నానికి నేను పెట్టినప్పుడు అది ఏడవలేదు. నా వేలు కొరికింది. ఆ గాటు ఇంకా ఉంది, మందుల గదికి వచ్చేవాళ్ళకి చూపిస్తుంటాను.

మాత్ర వల్ల ఎలాగూ కాస్త తిప్పుతోంది, దానికి తోడు అల. పడుకునే ఉన్నాను.

నోట్లోకి: నీలిమాత్ర ఒకటి. గంజి సగం గిన్నె. ఎండు చేప కొంచెం. నీళ్ళు నాలుగు గ్లాసులు.

మాత్ర 16

అల ఆరు.

ఎర్రగీత దాటింది.

నోట్లో పుళ్ళు లేచాయి, అరికాళ్ళు మండుతున్నాయి. నూకరత్నం నన్ను కూర్చోబెట్టి రేడియోలో పెద్ద డాక్టరు కుముదిని గారిని పిలిచింది. ఆవిడ దూరంగా ఇంకో తేలే ఊళ్ళో ఉంటారు, ఇలాంటి పన్నెండు ఊళ్ళకి ఆవిడే దిక్కు. గొంతు కాస్త ముద్దముద్దగా వినిపిస్తుంది. రేడియో పాతది.

"ముసలి ఒళ్ళు కదమ్మా, మందుని తట్టుకోలేకపోతోంది. చిన్న మాత్రకి దించు," అన్నారు.

నూకరత్నం నా పుస్తకం మొదటి నుంచీ చదివింది. తగువు పడేది ఒక్కటీ లేదు. చిన్న మాత్ర ఇచ్చింది, కానీ దాని నుదుటి మీద గీత పోలేదు.

మాత్ర 24

అల ఒకటి. నీళ్ళు అద్దంలా ఉన్నాయి.

వారం రోజులుగా సముద్రం కదల్లేదు. పుళ్ళు మానాయి. నేను హుషారుగా వెళ్ళి వేలు చాపాను. కింది పచ్చగీతకి బాగా దిగువన. మందు ఏమీ తినకుండా కూర్చుంది, రోగం తింటోంది. మళ్ళీ పెద్ద మాత్ర.

"మొన్న ఎక్కువైన మనిసికి ఇప్పుడు ఇంత తక్కువేటి?" అని నూకరత్నం తనలో తనే అడుగుతోంది. కడుపుమంట పొడి ఏమైనా వేసుకున్నావా అంది. లేదు. అమ్మ దొంగచాటుగా కషాయం పోసిందా అంది. పైడమ్మ అలిగి ఓ పూట అన్నం మానేసింది. అదీ పుస్తకంలో రాశాను, ఆవిడ నోట్లోకి వెళ్ళనిది కాబట్టి నిజానికి రాయక్కర్లేదు.

మాత్ర 29

అల ఏడు.

గంట మీద గంట. ఈ ఏడాది ముసురు ముందే వచ్చింది. నాకు తిప్పుడు ఎక్కువగా ఉందని పైడమ్మ పక్కనే కూర్చుంది. రెండు రోజులుగా ఆ ముసలిది నిద్రపోలేదు.

నోట్లోకి: నీలిమాత్ర ఒకటి. గంజి రెండు చెంచాలు. నీళ్ళు మూడు గ్లాసులు.

మాత్ర 32

అల ఏడు.

మళ్ళీ ఎర్రగీత. మొన్నటి కన్నా పైన.

రేడియోలో కుముదిని గారు ఈసారి మెత్తగా మాట్లాడలేదు. "నూకరత్నం, నాకు రెండే దారులు కనబడుతున్నాయి. ఒకటి, మీ నాన్నగారి ఒంటికి ఈ మందు పడదు. రెండు, ఆయన మర్చిపోయి ఒక్కోరోజు రెండు మాత్రలు, ఒక్కోరోజు అసలు లేకుండా గడుపుతున్నారు. ఏదైనా ఒకటే. వచ్చే పరీక్షలో ఎర్రగీత దాటితే మందు ఆపెయ్యాలి. ఆపే కాగితం మీద సంతకం నువ్వే చెయ్యాలి."

నేను ఎదురుగానే ఉన్నాను. ముసలాడు లెక్క మర్చిపోతున్నాడట. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

నా కూతురు లేచి నిలబడింది. రేడియోకి ఎవరూ లేచి నిలబడరు.

"మేడం, మా నాన్న నలభై ఏళ్ళు అలలు లెక్కపెట్టాడు. ఒక్క అల తప్పు చెప్పినా తెప్పల మధ్య మనుషులు నలిగిపోతారు. ఒక్కడూ నలగలేదు. ఆయన మాత్ర తప్పడు. మూడో దారి ఉంది. నాకు ఎనిమిది రోజులు కావాలి."

"ఎనిమిది రోజులు ఎలాగూ ఉన్నాయి. ఆ తర్వాత లేవు," అన్నారు ఆవిడ.

ఇంటికి వచ్చే దారంతా నేను ఏడ్చాను. భయంతో కాదు. పైడమ్మ భయంతో అనుకుంది, అనుకోనిచ్చాను.

మాత్ర 33

అల నాలుగు.

నూకరత్నం పుస్తకం పట్టుకెళ్ళింది, ఇది వేరే కాగితం మీద రాసి తర్వాత అంటించాను. మందుల గదిలో గోడకి పెద్ద కాగితం కొట్టి, నేను తిన్నవన్నీ ఒక వరస, మందు గీతలు ఇంకో వరస వేస్తోందట. గంజి ఎక్కువ తాగిన రోజులు, తక్కువ తాగిన రోజులు. చేపల రకాలు. నీళ్ళ గ్లాసులు. ఏదీ గీతతో కలవలేదు.

ఎర్రయ్య వెళ్ళి చూసి వచ్చాడు. "నీ పులుసు సరిత్ర గోడకెక్కింది బావా. రేపు పిల్లలకి పాటం సెప్తారు," అన్నాడు.

మాత్ర 34

అల ఐదు, పొద్దెక్కాక ఆరు.

ఈ రోజు సంగతి వివరంగా రాస్తాను. తొంభై ఏళ్ళు బతికినా ఇలాంటి రోజు ఇంకోటి రాదు.

పొద్దున్నే నూకరత్నం పరుగున వచ్చింది. జుట్టు కూడా దువ్వుకోలేదు. పుస్తకం నా ముందు పెట్టి పై వరసలు వేలితో చూపించింది.

"నానా, ఇది సూడు. అల రెండు, గీత మద్దిలో ఉన్నాది. అల ఆరు, ఎర్ర. అల ఒకటి, అడుక్కి ఎలిపోయింది. అల ఏడు, మళ్ళీ ఎర్ర. నువ్వు తిన్నదేటీ కలవనేదు. ఎందుకు రాసినావన్న అలే కలిసింది."

 నా అలవాటు రాత.

"అల నా రక్తంలోకి ఎలా వస్తాది అమ్మీ?"

"అల రాదు. అలొచ్చినప్పుడు నువ్వు మామూలుగా సెయ్యనిది ఏదో సేస్తన్నావు. అదే వొస్తాది. ఏటి సేస్తావో ఒకోటి సెప్పు."

అప్పుడే గంట మోగింది. మంచిదే, చెప్పే బదులు చేసి చూపిస్తానన్నాను. లేచి కుండలకి తాడు బిగించాను. దీపం దించాను. గుమ్మం పక్క డబ్బాలోంచి తొక్క తీసి దవడన పెట్టుకున్నాను. డబ్బా పైడమ్మకి అందించాను, ఆవిడ ఒకటి తీసుకుని నూకరత్నానికి ఇచ్చింది, అదీ ఒకటి దవడన పెట్టుకుంది. చాప తీసి తెప్ప నడిమికి వేశాను. పడుకుని దుంగ పట్టుకుని చూపించాను.

"ఇంతేనా?" అంది నూకరత్నం.

"ఇంతే."

"పడుకోడం వల్ల కాదు. మామూలు రోజు కూడా పడుకుంటావు. నీళ్ళు తక్కువ తాగుతావు, దానికి ఇంత తేడా రాదు." దాని మాట ముద్దగా వస్తోంది. విసుగొచ్చి, సరిగ్గా మాట్లాడ్డానికి దవడన ఉన్నది తీసి అరచేతిలో పెట్టుకుంది. "అమ్మా, నువ్వేమన్నా..."

ఆగిపోయింది. అరచేతిలోకి చూస్తోంది. నేను దాన్ని పుట్టిన దగ్గర్నుంచీ చూస్తున్నాను, అలా ఎప్పుడూ చూడలేదు.

"నానా. ఇది ఏ కాయ తొక్క?"

ఊరంతా తెలిసిన సంగతి. చిన్న పిల్లలకీ తెలుసు. పీపాల తోటలో పళ్ళు వొలిచాక తొక్కలు పారెయ్యకుండా ఉప్పులో ఊరేసి ఎండబెడతారు.

"పంపరపనస," అన్నాను.

తెప్ప పైకి లేచి కిందికి దిగింది.  ఆ పండు తొనలు నా కళ్ళ ముందు ఎర్రయ్య తింటుంటే నోరు కట్టుకుని కూర్చున్నాను. దాని తొక్క మాత్రం అల వచ్చినప్పుడల్లా రోజంతా దవడన పెట్టుకుని ఊట మింగుతున్నాను. తిండి కాదు కాబట్టి రాయలేదు. తినే ముందు తీసి పారేసేది తిండి ఎలా అవుతుంది? చెప్పులు వేసుకున్నట్టే అది కూడా. చెప్పులు వేసుకున్నానని ఎవరు రాస్తారు?

పైడమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఓలమ్మ, కక్కుతాడని నానే రెండేసి పెట్టినాను. ఆయనకి ఓపిక నేకపోతే నా సేత్తోనే పెట్టినాను."

"నీ తప్పు కాదమ్మా," అంది నూకరత్నం. "తిన్నది, తాగింది, మింగింది రాయమన్నాను. దవడన పెట్టుకున్నది అననేదు. నేను కూడా దవడన పెట్టుకునే అడిగినాను కదా."

అప్పుడు నా దగ్గరికి వచ్చి గడ్డం పట్టుకుని నోరు తెరిపించింది. వేలు పెట్టి దవడన ఉన్న తొక్క తీసింది. నేను దానికి తొలి తొక్క పెట్టినప్పుడు అది నా వేలు కొరికింది. నేను కొరకలేదు.

నోట్లోకి: నీలిమాత్ర ఒకటి. పంపరపనస తొక్క ఒకటి, గంట మోగిన దగ్గర్నుంచి నా కూతురు తీసేదాకా.

మాత్ర 36

అల ఏడు.

ఇప్పుడు కష్టం వేరే ఉంది. తొక్క లేకుండా ఈ అల మీద నేను నిలబడాలి. పరీక్ష నాటికి గీత దిగితేనే కుముదిని గారు నమ్ముతారు. కక్కు తగ్గించే మందులు మూడు రకాలున్నాయి. నూకరత్నం మూడింటి కాగితాలూ చదివింది. మూడింటికీ నీలిమాత్రతో తగువే.

"మాత్ర మింగినాక కక్కీసినావనుకో, కంగారుపడి ఇంకోటి మింగకు. నాకు సెప్పు. అంతే," అంది. తెల్లవారుజామున అల కొంచెం నెమ్మదిస్తుంది, అప్పుడు మింగుతున్నాను.

మా తాతలు తొక్క లేకుండానే పడవ మీద వెళ్ళేవారని విన్నాను. వాళ్ళు ఆకాశం నీళ్ళలో కలిసే గీత మీద కళ్ళు పెట్టి కూర్చునేవారట. నా పాత మోకుస్తంభం దగ్గరికి వెళ్ళి అలాగే కూర్చున్నాను. మొదటి రోజు ఆరుసార్లు కక్కాను. నలభై ఏళ్ళ మోకు మనిషి, అందరూ చూస్తుండగా.

ఎర్రయ్య వచ్చి పక్కన కూర్చున్నాడు. "సేపలకి పండగ సేత్తన్నావు బావా."

"పో."

పోలేదు. నా ఎదురుగా దవడలోది తీసి నీళ్ళలో పారేశాడు. అరగంటకి వాడూ స్తంభం పట్టుకున్నాడు. ఇంట్లో పైడమ్మ డబ్బా గుమ్మం మీంచి తీసేసి బిగించి మూత కట్టేసింది. నువ్వు పెట్టుకోనిది నాను పెట్టుకుంటానా అంది. ఆవిడ నాకంటే ఎక్కువ కక్కింది, నాలుగు ఎక్కువ. పోటీ కాదు గానీ రాస్తున్నాను.

మాత్ర 38

అల ఏడు.

రెండుసార్లే. మాత్ర లోపలే నిలిచింది. పుళ్ళు తగ్గుతున్నాయి. నూకరత్నం మందుల గదికి వెళ్తూ వస్తూ స్తంభం దగ్గర ఆగి, ఏమీ అడగకుండా నా భుజం మీద చెయ్యి వేసి వెళ్తోంది. దాని సంచీలో ఆపే కాగితం ఉంది. నాకు తెలుసు, దానికీ నాకు తెలుసని తెలుసు.

మాత్ర 40

అల ఏడు.

వేలు పొడిచారు. నేను కళ్ళు మూసుకున్నాను. పైడమ్మ మూసుకోలేదు, ఆవిడే ముందు చూసింది, కానీ గీతలు చదవడం రాదు కాబట్టి నూకరత్నం ముఖం చూసింది.

రెండు పచ్చగీతల మధ్య. అల ఏడు మీద, పెద్ద మాత్రతోనే.

రేడియోలో నా కూతురు నిమ్మళంగా చెప్పింది. అలల వరస, గీతల వరస, తొక్క సంగతి, తొక్క తీసేశాక సంగతి. గొప్పలు లేవు. నేనైతే గొప్పలు చెప్పేవాణ్ణి.  అంతా విన్నాక అటు వైపు నుంచి తుప్ మని ఏదో ఉమ్మిన చప్పుడు. ఆ పైన కుముదిని గారి గొంతు మొదటిసారి స్పష్టంగా వినిపించింది. పాపం, ఇన్నాళ్ళూ రేడియోని తిట్టుకున్నాను.

"నూకరత్నం, నేను ఎనిమిదేళ్ళుగా రక్తపోటు మాత్ర వేసుకుంటున్నాను. అల వచ్చినప్పుడల్లా కళ్ళు తిరుగుతాయి. అల వల్లే అనుకుంటూ ఉన్నాను."

"ఏ మాత్ర మేడం?"

ఆవిడ పేరు చెప్పారు. నూకరత్నం పేజీ చూడకుండానే, "దానికీ తగువే మేడం," అంది.

"దానయ్య గారూ, ఉన్నారా అక్కడ?"

"ఉన్నానమ్మా."

"మీకు లెక్క తప్పిందని అన్నాను. తప్పింది నాకు. మందు ఆపక్కర్లేదు."

అధికారి కుర్చీలో కూర్చున్న నా కూతురు సంచీలోంచి ఆపే కాగితం తీసి, నాలుగుగా చింపి, ఆ ముక్కలు నా చేతిలో పెట్టింది. మందుల గది బయటికి వచ్చేసరికి ఎర్రయ్య నిలబడి ఉన్నాడు. నేను చెప్పకముందే, "తెలిసింది బావా. అయినా సెప్పు, మళ్ళీ ఇంటాను," అన్నాడు. చెప్పాను.

మాత్ర 47

అల మూడు.

పడని వాటి కాగితం కొత్తది వచ్చింది. పన్నెండు ఊళ్ళకీ ఒకటే కాగితం. ఇరవై మూడో వరస నా కూతురు రాసింది. తెప్ప తెప్పకీ వెళ్ళి మందుల మీద ఉన్నవాళ్ళందరి ఇళ్ళలో తొక్కడబ్బాలు తీయించింది. పన్నెండో తెప్ప చెల్లమ్మ, గుండెకి మాత్ర వేసుకునే ముసలమ్మ, అల రాగానే సొమ్మసిల్లేది. అల నాకు పడదు అని ముప్పై ఏళ్ళు చెప్పుకుంది. డబ్బా తీశాక నిన్నటి అలకి కక్కిందట గానీ పడిపోలేదట. నూకరత్నాన్ని దగ్గరికి తీసుకుని బుగ్గలు గిల్లిందట.

మందుల గది తలుపు మీద ఆ కాగితం అంటించి ఉంది. నేను వెళ్ళి నిలబడి ఇరవై మూడో వరస చదివాను. కూడబలుక్కుని చదివాను కాబట్టి చాలాసేపు పట్టింది. వెనక ఇద్దరు నిలబడ్డారు. "చదివేది మా అమ్మాయి రాతే" అని వాళ్ళకి చెప్పి, మళ్ళీ మొదటి నుంచి చదివాను.

కొత్త పుస్తకాల్లో కూడా మార్పు వచ్చింది. ప్రతి పేజీ పైన అచ్చు వేసిన ఖాళీ గీత ఒకటి ఉంది. దాని పక్కన రాసి ఉంది: అల ఎంత?

మాత్ర 90

అల ఆరు.

ఇది చివరి మాత్ర. రక్తంలో రోగం కనబడ్డం లేదన్నారు. మూడు నెలలకొకసారి వేలు చాపితే చాలట. పుస్తకం ఇక ఇచ్చెయ్యొచ్చు అంది నూకరత్నం. ఇవ్వనన్నాను. మందుల గదిలో ఉండాలి నానా, కొత్త రోగులకి చూపిస్తాను అంది. అలాగైతే ఇస్తాను.

ఉదయం గంట మోగింది. మందుల మీద లేనివాళ్ళందరూ డబ్బాల మూతలు తీశారు. నేను స్తంభం దగ్గరికి వెళ్ళి, నీళ్ళు ఆకాశంలో కలిసే గీత మీద కళ్ళు పెట్టాను. ఒకే ఒక్కసారి కక్కాను. నా కూతురు మందుల గది గుమ్మంలోంచి చూస్తోంది, చెయ్యి ఊపాను.

నోట్లోకి: నీలిమాత్ర ఒకటి. గంజి. వంజరం ముక్కలు రెండు, పైడమ్మ మూడోది పెట్టింది. నీళ్ళు ఏడు గ్లాసులు.

దవడ ఖాళీ.